అమ్మకి చెప్పకుండా

చిన్నప్పుడు కూడా మా అమ్మకి ఇంత పెద్ద అబద్ధం చెప్పలేదు నేను. ఈ జనవరిలో సంక్రాంతి వెళ్ళాక నేనూ మా వారూ తొమ్మిది రోజులు శ్రీలంక వెళ్ళొచ్చాం. "అక్కడేం చూస్తారే?" అని అమ్మ అడిగితే "బుద్ధుడి గుళ్ళు, సీతమ్మవారి గుడి" అన్నాను. సీతమ్మవారి గుడి కొండల్లో ఉంది. మేం ఆ వైపు వెళ్ళనేలేదు. ఉన్నన్ని రోజులూ సముద్రం పక్కనే ఉన్నాం. అందులో నాలుగు రోజులు సముద్రంలోనే.

అసలు ఈ ఆలోచన మా వారిది. అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కి వెళ్ళిపోయాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ మిగిలాం. ఆయన రాత్రిళ్ళు ఫోన్‌లో సర్ఫింగ్ వీడియోలు చూడటం మొదలుపెట్టారు. అదే, బోర్డు మీద నిలబడి అలల మీద జారుకుంటూ వస్తారే, అది. ఒకరోజు భోజనాల దగ్గర అన్నారు: "పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. తిరుపతి, షిర్డీ, ఒకసారి ఊటీ. ఎక్కడికెళ్ళినా మీవాళ్ళో మావాళ్ళో వెంట. ఈసారి మనిద్దరమే, వీపున సంచి తగిలించుకుని వెళదాం. కార్లు వద్దు, పెద్ద హోటళ్ళు వద్దు." ఆయనకి యాభై ఏళ్ళు. పొట్ట సంగతి రాయను, ఇది ఆయన కూడా చదువుతారు.

మనిషికి ఎనిమిది కిలోలే అని నియమం పెట్టారు. నా సంచి తొమ్మిదిన్నర తూగింది. ఆవకాయ సీసా తీసెయ్యమన్నారు. రెండు చీరలు తీసేశాను కానీ సీసా తియ్యలేదు. తర్వాత అప్పాల్లో నంజుకుని ఎవరు ఎక్కువ తిన్నారో అడక్కండి.

సరే అన్నానే గానీ, లోపల నాకేమైందో ఆయనకి చెప్పలేదు. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. సముద్రానికి బస్సులో గంటన్నర. అయినా పెళ్ళయ్యాక విశాఖపట్నంలోనే నేను మొదటిసారి సముద్రం చూశాను. తొమ్మిదో తరగతిలో మా స్కూలు మొత్తం మంగినపూడి బీచ్‌కి పిక్నిక్ వెళితే నన్నొక్కదాన్నీ ఇంట్లో ఉంచేసింది అమ్మ. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి. అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19, ఆ శనివారం ఉప్పెన వచ్చింది. అమ్మకి ఆ శ్రావణంలోనే పెళ్ళయింది, అత్తగారింట్లో ఉంది కాబట్టి బతికింది. అమ్మ చెల్లెలికి పద్నాలుగేళ్ళు. తాతయ్య చేతిలోంచి జారిపోయిందట. మళ్ళీ దొరకలేదు. 10,000 మంది దాకా పోయారని ప్రభుత్వం లెక్క. ఊళ్ళవాళ్ళ లెక్క ఇంకా ఎక్కువ. అమ్మ ఇప్పటికీ ఏటా ఆ రోజు అన్నం తినదు. మా వారికి తెలిసిందల్లా "పిన్ని ఉప్పెనలో పోయింది" అన్న ఒక్క ముక్క.

చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలో కొలంబోలో దిగాం. అక్కడి ఫోర్ట్ స్టేషన్ నుంచి దక్షిణానికి వెళ్ళే రైలు ఉంది, అది మాత్రం ఎక్కి తీరాలి. ఏసీ లేని మామూలు పెట్టె, తెరిచిన కిటికీలు. చాలాదూరం పట్టాల పక్కనే సముద్రం. ఒక్కోచోట అల కొట్టి తుంపర మొహం మీద పడుతుంది. నేను అటు పక్క సీటు వదిలేసి ఇటు పక్క కూర్చున్నాను. "అంత అందం అక్కడుంటే ఇక్కడేం చేస్తున్నావు?" అన్నారు ఈయన. ఎండ అన్నాను.

ఆ పెట్టెలోనే నాకొక సంబరం కూడా దొరికింది. ఎదురుగా కూర్చున్న పాప పక్కనున్న పెద్దపిల్లని "అక్కా" అని పిలిచింది! సింహళంలో కూడా అక్క అంటే అక్కే, అమ్మ అంటే అమ్మే. చెల్లెలు నంగి, తమ్ముడు మల్లి. మన దగ్గర మల్లి ఆడపిల్ల పేరు కదా, తర్వాత మాకు సర్ఫింగ్ నేర్పిన ఆరడుగుల కుర్రాణ్ణి అందరూ "మల్లీ, మల్లీ" అంటుంటే నాకు నవ్వాగేది కాదు.

మొదటి రాత్రి హిక్కడువలో ఆగాం. దానికి దగ్గర్లోనే పెరలియ అనే ఊరు ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మేం వచ్చిన ఆ రైలు దారిలోనే, అక్కడ ఒక రైలు ఆగిపోయింది. మొదటి అల వచ్చాక ఊళ్ళో జనం కూడా రైలైతే క్షేమం అనుకుని దాంట్లోకి ఎక్కారు. తర్వాతి అల పెట్టెలన్నిటినీ ఎత్తి పడేసింది. 1,700 మందికి పైగా పోయారు. అక్కడ నీళ్ళ మధ్య నిలబడి ఉన్న పెద్ద బుద్ధుడి విగ్రహం ఉంది, బమియాన్ బుద్ధుడి నమూనాలో జపాన్ వాళ్ళ సాయంతో కట్టింది. అభయహస్తం. అమ్మకి చెప్పిన బుద్ధుడు ఈయన ఒక్కడే అన్నమాట. విగ్రహం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆటో అతను తొందరపెట్టలేదు. వాళ్ళకి అలా నిలబడేవాళ్ళు అలవాటేనేమో.

గాలె కోట గురించి ఎంతైనా రాయొచ్చు గానీ మీరు గూగుల్‌లో చూసుకోండి. పోర్చుగీసువాళ్ళు మొదలుపెట్టి డచ్చివాళ్ళు కట్టిన కోట, గోడ మీద సాయంత్రం నడక బాగుంది. నా మోకాళ్ళకి బాగాలేదు. అక్కడి నుంచి వెలిగమకి మళ్ళీ రైలు. గాలెలో రైలు వచ్చిన వైపే వెనక్కి బయల్దేరుతుంది, కంగారు పడి దిగిపోకండి, మేం దిగబోయాం.

వెలి అంటే ఇసుక, గమ అంటే గ్రామం. పేరుకి తగ్గట్టే అర్ధచంద్రంలా పెద్ద ఇసుక తీరం. అడుగున రాళ్ళు లేవు, అలలు మరీ ఎత్తు రావు, అందుకని కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా అక్కడికే వస్తారు. డిసెంబరు నుంచి మార్చి దాకా అటువైపు మంచి కాలం. నైరుతి రుతుపవనం వచ్చాక ఈ తీరం వదిలేసి తూర్పున అరుగంబే వెళతారట. మేం ఒక ఇంటి మేడ మీద గది తీసుకున్నాం. ఇంటావిడ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. అక్కా అన్నాను. ఆవిడ కొడుకే మల్లి.

బట్టల గురించి అడుగుతారని తెలుసు. పొడుగు చేతుల టీషర్టు లాంటిది, ఒంటికి పట్టి ఉండేది, అద్దెకి ఇస్తారు. కింద నా లెగ్గింగ్స్. నన్ను ఎవ్వరూ చూడలేదు. అంతమంది తెల్లవాళ్ళ మధ్య ఒక నల్లటి నలభై అయిదేళ్ళావిణ్ణి ఎవరు చూస్తారు చెప్పండి.

మొదట ఇసుకలోనే గంటసేపు పాఠం. బోర్డు మీద బోర్లా పడుకోవాలి. ఛాతీ పక్కన చేతులు ఆనించి, ఒక్క ఊపున లేచి, ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి నిలబడాలి. ఏ కాలు ముందుకో తెలియడానికి మల్లి వెనక నుంచి చెప్పకుండా నన్ను చిన్నగా తోశాడు. పడబోతూ ఏ కాలు ముందుకేస్తే అదే. ఇంకో సంగతి: నీకూ అలకీ మధ్య బోర్డు ఉండకూడదు, ఉంటే అది వచ్చి నిన్నే కొడుతుంది. పడితే తల ముందు పెట్టి పడకూడదు, పైకి వచ్చేటప్పుడు చేతులతో తల కప్పుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, లేచాక కాళ్ళకేసి చూడొద్దు, ఒడ్డుకేసి చూడు అన్నాడు.

మా వారికి పంట కాలవలో నేర్చిన ఈత ఉంది. నాకు ఈత రాదు. నడుం లోతు దాటి తీసుకెళ్ళనని మల్లి మాటిచ్చాడు. బోర్డుకీ నా కాలి మడమకీ కలిపి ఒక తాడు. మొదటి రోజంతా నేను బోర్డు పట్టుకుని నిలబడటంతోనే సరిపోయింది. రెండో రోజు పదిన్నర ప్రాంతంలో, ఎలా జరిగిందో తెలీదు, మల్లి వెనక నుంచి తోసి "అప్!" అన్నాడు, లేచాను. ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు కింద ఎర్ర తువ్వాలు ఆరేసి ఉంది. అది నాకు దగ్గరకొస్తోంది. నాలుగు క్షణాలు ఉంటుందేమో. తర్వాత పడ్డాను. ఈయన ఒడ్డున ఫోన్‌లో వీడియో తీస్తూ, పెద్ద కేక పెట్టారు. ఇరవై రెండేళ్ళలో నా గురించి ఆయన అలా అరవడం అదే మొదలు, కూర మాడ్చినప్పుడు తప్ప.

ఆయన మాత్రం నిలబడలేకపోయారు. కాళ్ళకేసి చూడటం మానలేరు. బోర్డు చిన్నదన్నారు, పెద్దది ఇస్తే బరువన్నారు. ఆ మధ్యాహ్నం మాట్లాడకుండా భోంచేశారు. మన మగవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. నేనూ ఏమీ అనలేదు, పప్పు ఇంకాస్త వడ్డించాను.

మూడో రోజు అలలు కాస్త పెద్దవి. నేను బోర్డు మీద మరీ ముందుకి పడుకున్నాను, ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుంది. బోర్లా పడి కిందికి వెళ్ళాను. మహా అయితే మూడు క్షణాలు. నడుం లోతు నీళ్ళే. కానీ పైన ఎటో కింద ఎటో తెలియలేదు. ముక్కులో, గొంతులో ఉప్పు. నాకు పిన్ని గుర్తొచ్చింది. పిన్నిని నేను చూడలేదు, ఫొటో కూడా లేదు. అయినా గుర్తొచ్చింది.

మల్లి రెక్క పట్టుకుని లేపాడు. ఒడ్డుకొచ్చి ఇసుకలో కూలబడ్డాను. వణుకు ఆగలేదు. ఈయన బోర్డు నీళ్ళలోనే వదిలేసి పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది? దెబ్బ తగిలిందా?" అన్నారు. అప్పుడు చెప్పాను, మొత్తం. తాతయ్య చెయ్యి, దొరక్కపోవడం, అమ్మ పదిరోజులు ఆ ఊళ్ళన్నీ తిరిగి వెతకడం, మంగినపూడి పిక్నిక్, రైల్లో ఇటుపక్క సీటు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముందే చెప్తే కొండలవైపు వెళ్ళేవాళ్ళం కదా" అన్నారు. నిజమే. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. చెప్తే మానేద్దామంటారు, మానేస్తే ఇంకెప్పటికీ వెళ్ళనేమో అని ఉండొచ్చు.

ఆ సాయంత్రం ఇంటావిడ కొబ్బరి కోరుతుంటే నేనూ కూర్చున్నాను. వాళ్ళు పొల్ సంబోల్ అంటారు, పచ్చికొబ్బరి, ఎండుమిరప, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి చేస్తారు, మన పచ్చడికి పినతల్లి కూతురు. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషూ నాకొచ్చిన ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషి ఇంగ్లీషు. సునామీ రోజున మూడేళ్ళ మల్లిని చంకన వేసుకుని గుట్టమీదకి పరిగెత్తిందట. పడవ దగ్గరున్న మామగారు రాలేదు. ఇల్లు పోయింది. "మరి ఈ పిల్లాణ్ణి ఎలా పంపావు అక్కా, ఆ నీళ్ళలోకే?" అని అడిగాను. ఆవిడ కొబ్బరి కోరడం ఆపలేదు. "ఈత నేర్పించాను. మొదలు ఈత, తర్వాత బడి" అంది. అంతే. ఇంకేమైనా చెబుతుందేమోనని చూశాను. కోరిన కొబ్బరి నా ముందుకి తోసి ఉల్లిపాయలు తరగమంది.

నాలుగో రోజు మళ్ళీ దిగాను. మోకాలి లోతులో ఆగిపోయాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. రెండుసార్లు నిలబడ్డాను. మా వారు ఒకసారి, అర క్షణం. వీడియో నేనే తీశాను, వేలు అడ్డం వచ్చింది. ఇప్పటికీ దెప్పుతున్నారు.

వచ్చాక మూడు వారాలు అమ్మకి చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "సీతమ్మవారి గుడి ప్రసాదం తేలేదేమే?" అని అడుగుతుంది. అబద్ధం మీద అబద్ధం. చివరికి ఊరు వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పేశాను. వీడియో కూడా చూపించాను. అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టేసి లేచి వెళ్ళిపోయింది. ఆ పూట నాతో మాట్లాడలేదు. రాత్రి పక్కలు వేస్తుంటే నా ఒళ్ళు తడిమి చూసింది, ఎక్కడైనా దెబ్బలున్నాయేమో అన్నట్టు. నేను ఏడ్చాను, అమ్మ ఏడవలేదు.

తెల్లారి కాఫీ తాగుతూ తనంతట తనే అంది, "దానికి సముద్రమంటే పిచ్చి."

ఎవరికి అన్నాను.

"దానికే. మాఘ పౌర్ణమికి హంసలదీవి తిరణాలకి వెళితే స్నానం చేసి అందరూ బయటికొచ్చేవాళ్ళు, ఇది వచ్చేది కాదు. పెదాలు నల్లబడేదాకా ఆడేది. నాయన వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చేవాడు. పరికిణీ నిండా ఇసుక. ఇంటికొచ్చాక నేనే ఉతికేదాన్ని."

నలభై అయిదేళ్ళలో పిన్ని ఎలా పోయిందో విన్నాను గానీ, ఇది ఎప్పుడూ వినలేదు. ఇంకా చెప్పింది. జడ మీద కోపమట, కుట్టుపని రాదట, పొలం గట్టు మీద అమ్మతో పందెం వేసి ఎప్పుడూ గెలిచేదట. పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఇద్దరం లేవలేదు.

తర్వాత లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది. "ఏదీ, ఆ ఫోనులోది మళ్ళీ పెట్టు" అంది.