సామానుల గది గుమ్మమునొద్ద

పెండ్లికుమారుడును పెండ్లికూతురును మొదటిసారి ఎట్లు కలిసికొనిరి అనునది మన పల్లెలలో పెద్ద కథ కాదు. పెద్దలు మాటలాడుకొందురు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత చిన్నవాని తరపువారు వత్తురు. చిన్నది తల వంచుకొని కాఫీ గ్లాసుల పళ్లెము తెచ్చును. అంతటితో చూపులు ముగియును. సినిమాలో మాత్రము వేరు. కాలేజీ కుఱ్ఱవాడు మలుపు తిరుగుచు ఒక చిన్నదానిని ఢీకొనును, ఆమె పుస్తకములు నేలపాలగును, ఇద్దరును వంగి ఏరుకొందురు, వెంటనే పాట అందుకొందురు. మన యౌవనస్థులు ఆ పాట నోట పెట్టుకొని ఇంటికి వత్తురు. పాట తరువాతి సంగతి వారికెవరును చూపరు. కాబట్టి నిజముగా జరిగిన అట్టి కథ నొకదానిని, ఏమియు దాచకుండ, చివరవరకు మీకు చెప్పవలెనని నాకు తోచినది.

అమెరికా దేశములో మసాచుసెట్స్ రాష్ట్రమందు సోమర్‌విల్ అను పట్టణమున్నది. 1931లో అక్కడ హెరాల్డ్ కానలీ పుట్టెను. ప్రసవము కష్టమై, బిడ్డ భుజము చిక్కుపడి, ఎడమచేతికి పోవు నరములు దెబ్బతినెను. ఇట్టి బిడ్డలను మీరును చూచియుందురు. మంత్రసాని బిడ్డను లాగినప్పుడు చేయి పడిపోయినదని మన స్త్రీలు చెప్పుకొందురు. హెరాల్డు పెరిగెను గాని ఆ చేయి అతనితో సమానముగా పెరుగలేదు. కుడిచేతికంటె నాలుగంగుళములకు మించి పొట్టిదై, అరచేయికూడ చిన్నదై మిగిలెను. పిల్లలతో ఆడబోయి ఆ చేతినే ఎన్నోసార్లు విరుగగొట్టుకొనెను. మన ఊరిలోనైతే వానికి తల్లిదండ్రులు పెట్టిన పేరు పోయి, చేతినిబట్టి మరియొక పేరు వచ్చియుండును. పెండ్లిచూపులనాడు తల్లి వానికి నిండుచేతుల చొక్కా తొడిగించి యుండును. ఈ మాట ఎవరిని నొప్పించుటకును వ్రాయలేదు. ఆ చొక్కాలను నేను చూచితిని.

అతడు బోస్టన్ కాలేజీలో చదువుచు, ఇనుపగుండు విసరు పందెములలో పాల్గొనుచుండెను. అదే మైదానములో మరికొందరు 'హేమరు' అనుదానిని విసరుచుండిరి. పేరు సుత్తియే గాని అది సుత్తి కాదు. ఏడు కిలోలకు పైబడిన ఇనుపగుండునకు, ఇంచుమించు నాలుగడుగుల పొడవున, ఉక్కుతీగయు దాని కొసను పిడియు ఉండును. జొన్నచేలో మంచె మీద నిలువబడి పిట్టలను తోలుటకు వడిసెల త్రిప్పినట్లే దానిని త్రిప్పవలెను. అయితే వడిసెలకు ఒక చేయి చాలును. దీనికి రెండు చేతులు కావలెను, మనిషియు దానితోకూడ గిరగిర తిరుగవలెను. విసరువారికి సాయముగా హెరాల్డు ఆ గుండ్లను ఏరి తిరిగి వారియొద్దకు విసరుచుండెడివాడు. అట్లు విసరగా విసరగా, అతడు పంపిన గుండు వారిని దాటి ఆవల పడసాగెను. బలహీనమైన చేతికి ఇది మంచి సాధనయని ఎంచి, ఆ పందెమునే పట్టుకొనెను. ఒక చేయి పొట్టియైనవాడు రెండు చేతుల ఆటను ఎన్నుకొనుట చూడుడి! కాలు జారకుండుటకు నాట్యకత్తెలు తొడుగు మెత్తని చెప్పులు తొడుగుకొని, ఆ భారీ దేహముతో వలయములో తిరుగుచుండెను. చూడ ముచ్చటైన పని కాదు గాని గుండు మాత్రము దూరముగా పోవుచుండెను.

1956వ సంవత్సరము నవంబరు నెలలో ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్న్ నగరములో ఒలింపిక్ పందెములు జరిగెను. ఆ దినములు మంచివి కావు. అదే నెల 4వ తేదీన రష్యా యుద్ధటాంకులు హంగరీ రాజధానిలో ప్రవేశించెను. అమెరికా ఒక ప్రక్క, రష్యాయు దాని చెప్పుచేతలలోని దేశములును మరియొక ప్రక్క నిలిచి, ఒకరి మాట ఒకరు నమ్మని కాలమది. చెకోస్లొవేకియా (1993లో అది రెండు దేశములుగా విడిపోయెను) రష్యా ప్రక్కనున్న దేశము. అక్కడనుండి ఓల్గా ఫికొతోవా అను చిన్నది చక్రము విసరుటకు వచ్చెను. ప్రాగ్ నగరములో వైద్యవిద్య చదువుచుండెను. వయస్సు ఇరువదినాలుగు. మొదట బంతియాటలు ఆడి, చక్రము పట్టి ఎక్కువ కాలము కాలేదు.

క్రీడాకారుల బసలో, విసరు సామానులుంచు గది గుమ్మమునొద్ద వీరిద్దరు ఒకరినొకరు గ్రుద్దుకొన్నంత పనియైనది. కథ అక్కడ మొదలాయెను. పుస్తకములు రాలలేదు, పాటయు లేదు. ఒకరి భాష ఒకరికి అంతంత మాత్రమే. ఇద్దరును ఎత్తరులు, ఇద్దరును బరువైనవి విసరువారు. తప్పుకొనుటకు ఆ గుమ్మము చాలలేదని నేను నవ్వుకొందును. క్షమాపణ చెప్పుకొనిరి, మాటలాడుకొనిరి, మరల కలిసికొనిరి. నవంబరు 23న ఆమె చక్రమును 53.69 మీటర్లు విసరి బంగారు పతకము గెలుచుకొనెను. మరునాడు అతని వంతు. రష్యా దేశస్థుడగు మిఖాయిల్ క్రివొనోసొవ్ 63.03 మీటర్లతో ముందుండెను. కానలీ అయిదవ విసరులో 63.19 మీటర్లు వేసి గెలిచెను. తేడా పదునారు సెంటీమీటర్లు, అనగా జానెడైనను లేదు.

పందెములు ముగిసెను. అతడు అమెరికాకును ఆమె తన దేశమునకును తిరిగిపోయిరి. సినిమావారు ఇక్కడ పాట పెట్టుదురు గదా, ఇక్కడనే వారి కష్టకాలము ఆరంభమాయెను. శత్రుపక్షపు దేశస్థునితో స్నేహము చేసినదని ఆమె సొంత అధికారులే ఆమెమీద మండిపడిరి. పెండ్లికి ప్రభుత్వపు అనుమతి కావలెను, దేశము విడుచుటకు మరియొక అనుమతి కావలెను. 1957వ సంవత్సరారంభమున అతడు ప్రాగ్ నగరమునకు వచ్చెను. ఒక కచేరి కాదనిన ఇంకొక కచేరి, ఒక గుమ్మము మూసినచో ఇంకొక గుమ్మము. రేషను కార్డుకొరకు మనము తిరిగినట్లే తిరిగిరి. తుదకు విన్నపము ఆ దేశాధ్యక్షుడగు అంటొనీన్ జాపొటొట్స్కీ వరకు పోయెను. వారి పక్షమున మాట చెప్పినవారిలో ఎమిల్ జాటొపెక్ ఒకడు. ఆ దేశములో అతని నెరుగని బిడ్డ లేదు. 1952లో హెల్సింకీ నగరమున అయిదువేల మీటర్లు, పదివేల మీటర్లు, మారథాన్, మూడు పరుగులును గెలిచినవాడు. తల ఆడించుచు, నాలుక వెళ్లబెట్టుచు, ఎవరో గొంతు పిసుకుచున్నట్లు ముఖము పెట్టి పరుగెత్తెడివాడు.

అనుమతి వచ్చెను. 1957 మార్చి 27న, బుధవారమునాడు, ప్రాగ్ నగరములోని పాత చావడి పెద్ద మైదానము జనముతో నిండిపోయెను. పిలుపు లేకయే వేలకొలది ప్రజలు వచ్చిరి. జాటొపెక్కును అతని భార్య డానాయును సాక్షులుగా నిలిచిరి. వివాహము మూడుసార్లు జరుగవలసివచ్చెను. ప్రభుత్వపు రిజిస్ట్రారు ఎదుట ఒకటి, అతడు రోమను కతోలికుడు గనుక ఆ దేవాలయములో ఒకటి, ఆమె ప్రొటెస్టెంటు గనుక ఆ సంఘములో ఒకటి. మన తాలూకాలో లూథరను చిన్నవానికి బాప్తిస్టు చిన్నదానిని ఇచ్చుటకు ఎన్ని కూటములు పెట్టుదుమో తెలిసినవారు ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింతురుగాక.

తల్లిదండ్రులను, స్వదేశమును విడిచి ఆమె అమెరికా పోయెను. తరువాత నాలుగు ఒలింపిక్ పందెములలో అమెరికా పక్షమున పాల్గొనెను. 1972లో మ్యూనిక్ నగరమున అమెరికా జెండా పట్టుకొని అందరికి ముందు నడచినది ఈ పరదేశపు చిన్నదియే. నలుగురు బిడ్డలు కలిగిరి. ఆ తరువాత, 1970లలో, వారు విడిపోయిరి. హెరాల్డు మరల వివాహము చేసికొనెను.

ఈ కథను ఒక గ్రామములో యౌవనస్థుల కూటమునందు చెప్పితిని. విడిపోయిరనగానే గది నిశ్శబ్దమాయెను. ఇంటరు చదువుచున్న ఒక చిన్నది లేచి, "అయ్యగారూ, అయితే ఆ పెళ్లి చేసుకోవడమే తప్పంటారా?" అనెను. నేను నోరు తెరువకమునుపే వెనుకనుండి ఒక చిన్నవాడు, "ఎవరో తెలియకుండా దారిలో గుద్దుకొని చేసుకుంటే అంతేగా మరి!" అనెను. పెద్దలలో కొందరు తలలూపిరి. వారికి ఆ మాట తియ్యగా నుండెను.

నాకు ఉండలేదు. ఎందుచేతననగా, ఆనాడు సాక్షులుగా నిలిచిన జాటొపెక్కును డానాయును ఎట్లు కలిసిరి? వారును ఆటస్థలములోనే కలిసిరి. ఆమె ఈటె విసరును. ఇద్దరును 1922 సెప్టెంబరు 19న పుట్టినవారు. 1948లో తమ యిష్టప్రకారమే పెండ్లి చేసికొనిరి. 1952లో ఒకే దినమున, కొద్ది నిమిషముల తేడాలో, ఇద్దరికిని బంగారు పతకములు వచ్చెను. 1968లో రష్యా సేనలు తమ దేశముమీదికి వచ్చినప్పుడు జాటొపెక్ బహిరంగముగా ఎదురు మాటలాడెను. దానికి ఫలముగా సైన్యములోని హోదా పోయి, దూరప్రాంతములలో నేలకు రంధ్రములు వేయు కూలిపనికి పోవలసివచ్చెను. వారముల తరబడి ఇంటికి వచ్చుట లేదు. డానా అతని విడువలేదు. 2000వ సంవత్సరములో అతడు చనిపోవువరకు ఏబదిరెండేండ్లు కాపురము చేసిరి. ఒకే బలిపీఠము ఎదుట నిలిచిన రెండు జంటలు, రెండును ఆటస్థలములో కలిసినవే. ఒకటి నిలిచెను, ఒకటి విడిపోయెను. మరి దోషము గుమ్మముమీద ఎట్లు వేయుదుము? పెద్దలు కుదిర్చిన పెండ్లిండ్లలో ఎన్ని ఒకే కప్పు క్రింద మాటలు లేక సాగుచున్నవో, తల ఊపిన ఆ పెద్దలకు నాకంటె బాగుగా తెలియును.

ఆ చిన్నదానితో నేను, "తప్పని నేననను, అమ్మా. ఆ నాలుగు నెలలు ఒకరికొరకు ఒకరు కచేరుల చుట్టు తిరిగినది అబద్ధము కాదు. నలుగురు బిడ్డలును అబద్ధము కాదు" అంటిని. ఆమెకు తృప్తి కలుగలేదు. ముఖములోనే తెలిసినది. నాకును పూర్తిగా కలుగలేదు. అయితే ఒక సంగతి నన్ను విడుచుట లేదు. ప్రాగ్ నగరములో పెండ్లి చూచుటకు వేలమంది వచ్చిరి. తరువాత సముద్రమునకు ఆవల, ఆ యింటిలో భార్యాభర్తలకు మాట పట్టింపు వచ్చిన రాత్రి, ఆమె తల్లి రాలేదు, జాటొపెక్ రాలేదు, డానా రాలేదు. రాలేని దూరమది. మనకు ఆ దూరము లేదు. పెండ్లిలో భోజనము చేసినవారమందరము నాలుగు వీధుల లోపలనే యున్నాము. అయినను ఆ యింటిలో కేకలు వినబడినప్పుడు తలుపులు వేసికొందుము.

కూటము ముగిసిన తరువాత ఒక తల్లి చంటిబిడ్డతో నాయొద్దకు వచ్చెను. ఆమె పెండ్లి సంగతి అడుగలేదు. బిడ్డ కుడిచేయి ప్రక్కన వ్రేలాడుచుండెను. "అయ్యగారూ, ఆయన మొదట ఏం చేసేవాడన్నారు?" అనెను. ఇతరులు విసరిన గుండ్లను ఏరి తిరిగి పంపెడివాడని చెప్పితిని. "రెండు చేతులతోనా?" అనెను. ఆ పందెములో పిడిని రెండు చేతులతో పట్టవలసినదే అంటిని. ఇట్టి చేతికి పసితనములోనే సాధన చేయించినచో చాలమంది బిడ్డలకు మేలగుననియు, ఆలస్యము చేయక ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపొమ్మనియు చెప్పితిని. హెరాల్డు పెద్దవాడై బడిపంతులుగా పనిచేసెననియు, తరువాత అనేక సంవత్సరములు బుద్ధిమాంద్యముగల పిల్లల క్రీడలకొరకు పాటుపడెననియు కూడ చెప్పితిని. అతడు 2010లో చనిపోయెను, ఓల్గా 2024లో చనిపోయెను.

ఆమె బిడ్డ చేతిని తన వ్రేళ్లతో మెల్లగా పైకెత్తి, దించి, మరల ఎత్తుచు, బస్సు ఎన్ని గంటలకని అడిగెను.