లేఓవర్ ఖర్చు కూడా టికెట్ ధరే

హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కి టికెట్లు వెతికితే ఒకే రోజుకు రెండు రకాల ధరలు కనిపిస్తాయి. సింగపూర్‌లో రెండు మూడు గంటలే ఆగేదానికి ఒక ధర. తెల్లవారుజామున అక్కడ దిగి రాత్రి దాకా తర్వాతి విమానం కోసం ఉండాల్సినదానికి ఇంకో ధర. మా అబ్బాయి టెన్త్ పరీక్షలు అయిపోయి ఇంటర్ కాలేజీ తెరిచేలోగా మెల్‌బోర్న్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరికి నేనూ వాడూ వెళ్లి రావాలనుకున్నాం. మేం చూసినప్పుడు ఆ రెండింటికీ తేడా మనిషికి 14 వేల రూపాయలు. 12 ఏళ్లు నిండితే విమానంలో పెద్దల టికెట్టే కొనాలి, పదిహేనేళ్ల వాడికి రాయితీ ఉండదు. అంటే ఇద్దరికీ కలిపి 28 వేలు. ఈ ప్రయాణం కోసం నేను నెలకు 7 వేల చొప్పున ఆర్డీ కడుతూ వచ్చాను. 28 వేలంటే నాలుగు నెలల వాయిదాలు. ఒక పగలు ఓపిక పడితే మిగిలే సొమ్ము అది.

అయితే అది మిగిలినట్టు అప్పుడే అనుకోకూడదు. ఎయిర్‌పోర్ట్‌లో గడిపే ఒక పగలుకి తిండి కావాలి, నడుం వాల్చడానికి చోటు కావాలి, ఎదిగే పిల్లవాడికి కాలక్షేపం కావాలి. వీటిని ముందే లెక్కకట్టి టికెట్ ధరకు కలపకపోతే 28 వేలలో సగం కాఫీలకీ బర్గర్లకీ లాంజ్‌కీ కరిగిపోతుంది. అందుకే బుక్ చేసే ముందే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం చేతికిచ్చాను. ఆ రోజు ఖర్చు మొత్తం తొమ్మిది వేలు దాటదని తేలాకే పొడవైన లేఓవర్ టికెట్ తీసుకున్నాం.

ఇంతకంటే చవకైన టికెట్ ఇంకొకటి కనిపించింది. సింగపూర్ దాకా ఒక సంస్థ, అక్కడి నుంచి వేరే సంస్థ, రెండూ విడివిడి టికెట్లు. దాన్ని నేను వద్దన్నాను. విడి టికెట్లయితే సాధారణంగా సామాను మధ్యలో మనమే తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. సామాను తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే సింగపూర్‌లోకి వెళ్లే అనుమతి ఉండాలి. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోతే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు, కొత్త టికెట్ మన డబ్బుతోనే కొనుక్కోవాలి. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే సామాను చివరి ఊరికే ట్యాగ్ చేయించుకోవచ్చు, విమానం తప్పితే వేరేదాంట్లో ఎక్కించే పూచీ సంస్థదే. పిల్లవాడితో వెళ్తున్నప్పుడు ఆ పూచీకి కొంత ఎక్కువ చెల్లించడం దుబారా కాదని నా నమ్మకం.

ఆ పగలు సింగపూర్ ఊళ్లోకి వెళ్లి వద్దామని అబ్బాయికి చాలా ఆశ. ఆస్ట్రేలియా వీసా ఉన్న భారతీయులకు సింగపూర్‌లో 96 గంటల వరకూ వీసా లేకుండా ఆగే ట్రాన్సిట్ సదుపాయం ఉంది. దానికి షరతులు ఉన్నాయి, చివరి మాట ఇమిగ్రేషన్ అధికారిది. చాంగీ ఎయిర్‌పోర్ట్ వాళ్లు లేఓవర్ ప్రయాణికులకు ఉచితంగా నడిపే సింగపూర్ టూర్‌కి కూడా ఈ ప్రవేశార్హత ఉండాల్సిందే. ఊళ్లోకి వెళ్తే టాక్సీ, భోజనం, చూసిన ప్రతిచోటా టికెట్ కలిపి మా తొమ్మిది వేలు మధ్యాహ్నానికే అయిపోతాయని వాడే లెక్కేసి చూపించాడు. ట్రాన్సిట్‌లోనే ఉందామన్నది చివరికి వాడి నిర్ణయమే.

తొమ్మిది వేలను రెండు వాటాలు చేశాను. ఐదు వేలు తిండికి, నాలుగు వేలు వాడి చేతికి. అప్పుడు సింగపూర్ డాలర్ సుమారు 66 రూపాయలు, కాబట్టి వాడి వాటా 60 డాలర్లు. "ఇందులో మిగిలింది నీదే" అన్నాను. "తిండి డబ్బుల్లో మిగిలితే?" అని వెంటనే అడిగాడు. అవి ఎవరివీ కావు, తినడానికే అని చెప్పాను. ఈ విషయంలో నేను చాలా ఆలోచించాను. మిగిల్చింది నీదే అని మొత్తం సొమ్ము పిల్లల చేతిలో పెడితే వాళ్లు ముందు కోసేది భోజనాన్నే. పూట మానేసి డబ్బు దాచడం గొప్ప అన్న ఆలోచన ఆ వయసులో మనసులో పడకూడదు. మా అమ్మ తరం ఆడవాళ్లు ఇంట్లో అందరికీ పెట్టి తాము సర్దుకుని రూపాయి రూపాయి కూడబెట్టారు. ఆ పొదుపుకి చేతులెత్తి మొక్కుతాను, కానీ ఆ పద్ధతి నా కొడుక్కి నేర్పను. తగ్గించుకోగలిగినవీ తగ్గించకూడనివీ వేరుగా ఉంటాయని వాడికి తెలియాలి. ఇల్లు నడిపే ఏ బడ్జెట్‌కైనా అదే మొదటి గీత.

పొద్దున్న టిఫిన్‌కి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. ఆస్ట్రేలియాలో దిగాక తినే పదార్థాల మీద తనిఖీ చాలా గట్టిగా ఉంటుంది, ఉన్నది రాసి చూపించాలి. కాబట్టి ఆ డబ్బా సింగపూర్‌లోనే ఖాళీ కావడం మంచిదైంది. మధ్యాహ్నం కడుపునిండా వేడి భోజనం, సాయంత్రం కొబ్బరి పాల జామ్ రాసిన కాయా టోస్ట్, కాఫీ. నీళ్లు కొనలేదు. ఖాళీ సీసా ఉంటే చాలు, కుళాయిలు చాలాచోట్ల ఉన్నాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. చాంగీలో 1, 2, 3 టెర్మినళ్లలో భద్రతా తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది, అక్కడికి వెళ్లేలోపే సీసా ఖాళీ చేయాలి.

కార్డు గీసేటప్పుడు వాడికి అసలు పాఠం దొరికింది. మొదటి దుకాణంలో మెషీన్ మీద రూపాయల్లో చెల్లిస్తారా, సింగపూర్ డాలర్లలోనా అని వచ్చింది. "రూపాయలు నొక్కితే ఎంతో మనకి తెలుస్తుంది కదమ్మా" అన్నాడు. అలా తెలియజేయడానికి వాళ్లు తమకు నచ్చిన మారకం రేటు వేస్తారు నాన్నా, ఆ దేశపు కరెన్సీయే నొక్కు అన్నాను. నేను వాడింది సింగపూర్ డాలర్లు ముందే నింపుకున్న ఫారెక్స్ కార్డు. మన మామూలు క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ కొనుగోలు మీద మూడున్నర శాతం దాకా మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. రెండూ కలిపితే నూరు రూపాయలకు 4 రూపాయల 13 పైసలు. ఇది గుణించి చూసుకున్నాక ప్రతి కౌంటర్ దగ్గరా మెషీన్ వాడే చూశాడు.

లాంజ్ గురించి చాలామంది తల్లిదండ్రులు పొరబడతారు. క్రెడిట్ కార్డు మీద ఉచిత ప్రవేశం మామూలుగా కార్డు ఎవరి పేరున ఉందో వాళ్లకే. టీనేజ్ పిల్లలు అతిథి కింద లెక్క, ఆ రుసుము తర్వాత బిల్లులో వస్తుంది. విదేశాల్లోని లాంజ్‌లకు అసలు వర్తించని కార్డులూ ఉన్నాయి. ట్రాన్సిట్ హోటల్ గది ధర మా మొత్తం బడ్జెట్‌ని మించింది. ఉచితంగా పడుకునే వాలు కుర్చీలున్న చోటు వెతుక్కుని ఒకరి తర్వాత ఒకరం నిద్రపోయాం, మెలకువగా ఉన్నవాళ్ల దగ్గర పాస్‌పోర్ట్‌లు. ఇద్దరికీ స్నానానికి మాత్రం నేను వేరుగా డబ్బు కట్టాను. ఇంకో రాత్రి ప్రయాణం ముందుంది, ఆ ఖర్చు ఒళ్లంతా తేలిక చేసింది.

ఇక కాలక్షేపానికి డబ్బే అక్కర్లేకపోయింది. టెర్మినల్ 3లో సీతాకోకచిలుకల తోట ఉంది, వెయ్యికి పైగా ఉంటాయి, చేతి మీద వాలుతాయి. అదే టెర్మినల్‌లో రాత్రీపగలూ నడిచే సినిమా హాలు, దానికీ టికెట్ లేదు. టెర్మినల్ 2లో పొద్దుతిరుగుడు తోట, 1లో కాక్టస్ తోట. ఈ మూడు టెర్మినళ్ల మధ్య ఇమిగ్రేషన్ దాటకుండానే స్కైట్రైన్‌లో తిరగవచ్చు. 2019లో తెరిచిన జ్యువెల్ భవనం, అందులోని 40 మీటర్ల జలపాతం ఇమిగ్రేషన్ అవతల ఉన్నాయి. కానీ 2, 3 టెర్మినళ్ల మధ్య నడిచే స్కైట్రైన్ ఆ భవనంలోంచే పోతుంది. కిటికీలోంచి జలపాతం నిండుగా కనపడుతుంది. వాడు మళ్లీ మళ్లీ ఎక్కించాడు, నేనూ అంతే ఇష్టంగా ఎక్కాను.

వాడి 60 డాలర్లలో ఒక ఐస్‌క్రీమ్, పిన్ని కూతురికి ఒక బొమ్మ పోగా 33 మిగిలాయి. టికెట్ తేడాలోంచి తొమ్మిది వేలూ, స్నానాల ఖర్చూ తీసేసినా 17 వేలకు పైగా నా ఖాతాలో నిలిచాయి. మెల్‌బోర్న్‌లో తిరగడానికి వాడింది ఆ డబ్బే.

సెలవులకి పిల్లలతో టికెట్లు చూస్తున్నవాళ్లకి నా మనవి ఒకటే. ధర చూసే ముందు మూడు సంగతులు కనుక్కోండి: రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నాయా, సామాను చివరి ఊరిదాకా నేరుగా వెళ్తుందా, మధ్యలో ఆగే దేశపు వీసా నియమం ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఏమని ఉంది. ఆ తర్వాత కాగితం మీ అబ్బాయికో అమ్మాయికో ఇవ్వండి.