కోరుట్ల నుంచి ‘ఓరె’ దాకా!

తెర మీద మంచు కురుస్తుంటే కింద కూర్చున్న మనకు చెమటలు కారుతాయి. మా కోరుట్లలో ఇది మామూలు సంగతే! మే నెలలో జగిత్యాల జిల్లా ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. నా చిన్నప్పుడు హాల్లో ఫ్యాన్లు తిరిగేవో, తిరుగుతున్నట్టు నటించేవో ఆ దేవుడికే తెలియాలి.

1992లో ‘రోజా’ వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు, అన్నకు పదమూడు. అరవింద్ స్వామి, మధుబాల తెల్లటి మంచులో ఆడుతూ పాడుతూ ఉంటే అన్న నా చెవిలో ఒక మాట అన్నాడు.

“ఒక్కసారన్న గా మంచుల కాలు పెట్టాలెరా తమ్మీ!”

కథలో అది కాశ్మీరు. తీసింది మాత్రం మనాలీలో అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అయితేనేం? మాకు మంచు మంచే!

ముప్ఫై ఏళ్లు దాటిపోయాయి. అన్న కాలు మంచులో పడలేదు, ఇసుకలో పడింది. 2005లో పెళ్లి, 2006లో దుబాయ్ ప్రయాణం. మా ఇంట్లో ‘హనీమూన్’ అనే మాట వినిపించేలోగానే విమానం ఎగిరిపోయింది.

అన్న పంపిన డబ్బుతోనే నేను ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు పెట్టుకున్నాను. హీరోల పుట్టినరోజులు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు... ఏదైనా సరే, కస్టమర్ అడిగేది ఒకటే: “అన్నా, ఎనకాల మంచు గుట్టలు పెట్టు!” రోజూ నా చేత్తో కోరుట్ల జనాన్ని మంచుకొండల ముందు నిలబెడుతున్నాను. అన్నావదినలను ఒక్కసారి నిజంగానే ఎందుకు నిలబెట్టకూడదు? అదిగో, అక్కడ మొదలైంది ఈ కథ.

అద్దానికి అవతల

“మంచు కావాలంటే దుబాయ్‌లోనే ఉంది గదా!” అంటారు మీరు. ఉంది. 2005 చివర్లో అక్కడ ఒక పెద్ద షాపింగ్ మాల్‌లో ‘స్కీ దుబాయ్’ తెరిచారు. బయట ఎడారి మండిపోతుంటే లోపల ఎప్పుడూ సున్నాకు దిగువనే. పొడవైన జారుడు బాట నాలుగు వందల మీటర్లు. పెంగ్విన్లు కూడా ఉన్నాయి!

అన్న అక్కడికి వెళ్లాడు. అయితే లోపలికి కాదు. ఆ మంచును మాల్‌లో నుంచి అద్దాల గుండా ఉచితంగా చూడవచ్చు. ఒక సెలవు రోజున గంటసేపు ఆ అద్దం ముందు నిలబడి ఇంటికి వీడియో కాల్ చేశాడు. “టికెట్టు కొని పోరాదే?” అన్నాను నేను. “టికెట్టు పైసలు పెడితే పాప ట్యూషన్ ఫీజు అయితది తమ్మీ. అద్దంల మంచిగనే కనబడుతుంది” అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు తెర అడ్డం, పెద్దయ్యాక అద్దం అడ్డం!

ఊరి పేరే ‘ఓరె’!

ఎక్కడికి పంపాలి? స్విట్జర్లాండ్ అందరి నోటా నానిన పేరు. ‘చాందినీ’లో శ్రీదేవి షిఫాన్ చీరతో ఆ కొండల్లో తిరిగిన నాటి నుంచి మన డ్యూయెట్లకు అది పుట్టిల్లు. నాకు సినిమాలు వాడి వాడి అరగదీయని చోటు కావాలి.

సినిమా పిచ్చి ఊరుకుంటుందా? మొదట నార్వేలోని ‘ఫిన్సే’ మీద కన్ను పడింది. ‘స్టార్ వార్స్’ రెండో సినిమా ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’లో మంచు గ్రహం అదే. 1979లో షూటింగ్‌కు వెళితే మంచు తుఫాను పట్టుకుంది. యూనిట్ హోటల్ దాటి బయటికి పోలేని పరిస్థితి. కెమెరాను హోటల్ గుమ్మంలోనే పెట్టి హీరో మార్క్ హామిల్‌ను ఒక్కడినే మంచులోకి పరుగెత్తించారట! ఆ ఊరికి కారు రోడ్డు కూడా లేదు, రైలే దిక్కు. మొదటిసారి మంచు చూసేవాళ్లకు ఇంత సాహసం ఎందుకని దాన్ని పక్కన పెట్టాను.

చివరికి స్వీడన్‌లో ఒక ఊరు దొరికింది. పేరు ‘ఓరె’. నిజంగానే అలాగే పలుకుతారు. ఈ పేరు చెప్పగానే జగిత్యాల దోస్తు చాయ్ గ్లాసు కింద పెట్టి, “ఊరిని గూడ ఒరే అని పిలుస్తరా? ఏం మర్యాదరా అది!” అన్నాడు.

మర్యాద గల ఊరే. స్కీయింగ్ ప్రపంచ పోటీలు 1954లో, 2007లో, 2019లో అక్కడ జరిగాయి. ఊరి పక్క కొండ ఎత్తు 1,420 మీటర్లు. అంటే మన మనాలీ ఊరి కన్నా తక్కువ ఎత్తే! ఉత్తరాన చాలా దూరంగా ఉండటం వల్ల ఆ ఎత్తుకే నెలల తరబడి మంచు నిలుస్తుంది. గాలి పల్చబడి ఆయాసం వచ్చే బాధ లేదు. స్టాక్‌హోమ్‌లో రాత్రి రైలెక్కితే పొద్దునకు ఆ ఊళ్లో దిగవచ్చు. స్కీలు, బూట్లు, హెల్మెట్టు అద్దెకిస్తారు. బాటలకు రంగులుంటాయి. ఆకుపచ్చ అంటే పసివాళ్లకు, నీలం కాస్త ధైర్యం వచ్చాక, ఎరుపు ఆరితేరినవాళ్లకు, నలుపు... అది విలన్లకు వదిలేద్దాం! నేర్పడానికి స్కీ బడి ఉంది. జారడం ఇష్టం లేకపోతే 1976లో కట్టిన కేబుల్ కారులో కొండ మీదికి వెళ్లి ఊరికే చూడవచ్చు.

డిసెంబరులో వెళ్లకూడదు. అప్పుడు పగలు నాలుగైదు గంటలే. మార్చి మూడో వారానికి పగలూ రాత్రీ సమానమవుతాయి, మంచు మాత్రం అలాగే ఉంటుంది. మార్చి ఖాయం చేశాను. అప్పటికి మన దగ్గర ఒంటిపూట బడులు కూడా మొదలవుతాయి. పిల్లలను నేను చూసుకుంటాను.

ఆ మొనగాడూ వలస పోయినవాడే

స్కీయింగ్ గురించి చదువుతుంటే ఒక మనిషి తగిలాడు. సోండ్రె నోర్‌హైమ్. నార్వేలో టెలిమార్క్ ప్రాంతంలోని మోర్గెడాల్ అనే పల్లెలో 1825లో పుట్టాడు. సొంత భూమి లేని పేద రైతు. కొమ్మలను పురి తిప్పి పాదం మడమ దగ్గర కదలకుండా కట్లు కట్టుకుని, దూకడానికీ మలుపు తిరగడానికీ కొత్త దారి చూపించాడు. 1868లో నేటి ఓస్లోలో పోటీ జరిగితే, నలభై రెండేళ్ల వయసులో సుమారు రెండు వందల కిలోమీటర్లు స్కీల మీదే వెళ్లి, కుర్రాళ్లను ఓడించి గెలిచాడు. ఇప్పుడు ప్రపంచమంతా అనే ‘స్లాలమ్’ అనే మాట వాళ్ల పల్లె మాటే.

ఇంత మొనగాడు తర్వాత ఏమయ్యాడు? బతుకుతెరువు కోసం 1884లో భార్యాపిల్లలతో అమెరికా వెళ్లిపోయాడు. చివరికి చేరింది నార్త్ డకోటా మైదానాలకు. అక్కడ జారడానికి కొండ ఏది? అయినా ఆయన గుమ్మం పక్కన ఎప్పుడూ ఒక జత స్కీలు నిలబెట్టి ఉండేవని చెబుతారు. 1897లో అక్కడే కన్నుమూశాడు. 1952 ఓస్లో శీతాకాల ఒలింపిక్స్ జ్యోతిని మాత్రం ఆయన పుట్టింటి పొయ్యిలోనే వెలిగించారు.

ఇది చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి ఏది? మంచు మనది కాదు గానీ, ఈ మనిషి మాత్రం మనవాడే అనిపించింది.

సిరిసిల్ల చెప్పిన చలి పాఠం

బట్టల సంగతి తేల్చుకోవడానికి వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన ఊరది! అక్కడ నా చిన్ననాటి దోస్తు సాంచాలు నడుపుతాడు. ఆ చప్పుడులో మాట వినపడదు. నేను అరిచి చెప్పాను: “వదినె మంచులకు పోతుంది. మందపాటి కాటన్ గుడ్డ కావాలె!”

వాడు సాంచె ఆపేశాడు. “కాటన్ అసలే ఒద్దు. చెమట తాగి తడిసి ఒంటికి అంటుకుంటది. గా తడే చలి పుట్టిస్తది. ఉన్ని గాని, మా పాలిస్టర్ గాని వెయ్యాలె.”

తర్వాత విచారిస్తే వాడి మాట అక్షరాలా నిజం. మంచులో మూడు పొరలు వేసుకుంటారు. లోపల ఒంటికి అంటి ఉండే ఉన్ని లేదా పాలిస్టర్ బనీను, మధ్యన వెచ్చదనం పట్టి ఉంచే మెత్తటి ఫ్లీస్, పైన గాలీ తడీ చొరబడని కోటు. ఆ ఫ్లీస్ కూడా ఎక్కువగా పాలిస్టరే! మండుటెండలో కూర్చుని సిరిసిల్ల నేసే దారం మంచులో పనికొచ్చే దారమన్నమాట. షిఫాన్ చీరలో డ్యూయెట్ పాడిన హీరోయిన్లకు ఆ రోజే మనసులో దండం పెట్టాను.

విజిట్ వీసా అనగానే...

లెక్కలకు జగిత్యాల దోస్తే దిక్కు. వాడు మామిడి మార్కెట్‌లో గుమాస్తా. నక్షత్రం ఆకారపు పాత ఖిల్లా దగ్గర కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. విమానం, రైలు, గది, స్కీ అద్దె, స్కీ బడి ఫీజు, లిఫ్ట్ పాసు. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు. 2024 జూన్‌లో పెంచారు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పదు. బ్యాంకు లెక్కలు, సెలవు కాగితం, తిరుగు టికెట్టు చూపించాలి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. పదిహేను రోజుల లోపు అయితే కుదరదు. అన్న దుబాయ్‌లోనే పెట్టుకోవచ్చు, వదినె ఇక్కడ పెట్టాలి. ఖర్చు తగ్గాలంటే వంటగది ఉన్న గది తీసుకోవాలి. మామిడికాయ తొక్కు, సకినాలు సర్దవచ్చు. నెయ్యి, కోవా మాత్రం వద్దు. పాల పదార్థాలూ మాంసమూ బయటి నుంచి అక్కడికి రానివ్వరు.

మొత్తం చూసి దోస్తు, “గీ పైసలతోని ఒక ప్లాటు అడ్వాన్సు అయితది” అన్నాడు. నిజమే. అందుకే ఏడాది క్రితమే చిట్టీ వేశాను. ఇప్పటిదాకా అన్న మాకోసం కట్టాడు. ఈ ఒక్కటి నేను కడతాను.

అసలు తుఫాను ఇంట్లో లేచింది. “వీసా” అనగానే అవ్వ చెవులు రిక్కించింది. “ఏం వీసా?” “విజిట్ వీసా అవ్వా.” అంతే! ఆమె ముఖం మాడిపోయింది. మా వైపు ఆ మాటకు అర్థం వేరు. పని ఇప్పిస్తామని నమ్మించి విజిట్ వీసా మీద పంపితే, అక్కడ చిక్కుకుని అష్టకష్టాలు పడినవాళ్ల కథలు ప్రతి వాడకూ తెలుసు. “ఒక్క కొడుకును పంపి కండ్లు కాయలు కాసినయి. ఇప్పుడు కోడలిని గూడ పంపుతవా?” అంది. ఊరికే చూసి రావడానికి కూడా వీసా ఉంటుందని నమ్మించేసరికి రెండు రోజులు పట్టింది.

వదినె భయం ఇంకొకటి. ఇరవై ఏళ్లుగా బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ మీద ఒక్కోసారి ముద్ర పడదు. వీసాకు పది వేళ్ల ముద్రలూ అడుగుతారు! “పడకపోతే ఎట్ల?” అని అరచేతులు చూసుకుంది. అన్నీ పడకపోతే పడినన్ని వేళ్లవే తీసుకునే వీలు నిబంధనల్లో ఉంది. ఆ సంగతి చెప్పాను. అయినా ఆమె రోజూ రాత్రి కొబ్బరినూనె రాసుకోవడం మొదలుపెట్టింది. అది చూసి అర్థమైంది, వదినెకు కూడా మంచు చూడాలని ఉందని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు!

ఏడు దినాల అప్పు

ఇక అన్న. ఫోన్‌లో అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “తమ్మీ, నాకు రెండేండ్లకు ఒక్కసారి నలభై అయిదు దినాల సెలవు. అండ్ల గూడ ఇల్లు ఇడిసి పోతే అవ్వ ఏమనుకుంటది?”

నా దగ్గర జవాబు లేదు. మా ఇళ్లల్లో సెలవు అంటే ఇంటికి రావడమే. సెలవు పెట్టి ఇంకో చోటికి పోవడం అనేది మా క్యాలెండర్‌లో లేదు. అన్న మాట న్యాయమే. చిట్టీ పాసుపుస్తకం జేబులోనే మడిచి పెట్టుకున్నాను.

పక్కనే తునికాకు కత్తిరిస్తున్న అవ్వ ఫోన్ లాక్కుంది. “బిడ్డా, నలభై అయిదుల ఏడు దినాలు ఇస్తున్న. ఊకె ఇస్తలేను, అప్పు. మల్లొచ్చినప్పుడు ఏడు ఎక్కువ ఉండాలె. గా పోరి పెండ్లయిన కాడికెళ్లి ఎక్కడికి పోయింది చెప్పు?”

వదినె లోపలికి వెళ్లిపోయింది. అన్న గొంతు మాత్రం, చిన్నప్పుడు సినిమా హాల్లో వినిపించిన గొంతులాగా, “మంచుల పడితే దెబ్బ తాకుతదా తమ్మీ?” అని అడిగింది.

పాఠకులారా, చిట్టీ ఇంకా అయిదు నెలలు నడవాలి. వీసా వస్తుందో, వేళ్లు పడతాయో చూడాలి. కానీ మార్చిలో అన్న దుబాయ్ నుంచి, వదినె హైదరాబాద్ నుంచి బయలుదేరి స్టాక్‌హోమ్‌లో కలుసుకోవాలి. ఏడు రోజుల తర్వాత ఇద్దరూ కలిసి కోరుట్ల రావాలి. ప్లాన్ ఇదీ!

వాళ్ల కోసం ఒక ఫ్లెక్సీ డిజైన్ చేసి పెట్టాను. అన్నావదినల ఫొటో, కింద పేర్లు. వెనకాల మాత్రం ఖాళీగా వదిలేశాను. ఈసారి మంచుకొండ నేను పెట్టను. వాళ్లే తీసి పంపాలి!