చుక్కల లెక్క

బ్యాంకులో సాయంత్రం క్యాషు మూసేటప్పుడు రెండు నిల్వలు చూస్తాం. పుస్తకంలో ఉన్నదొకటి, పెట్టెలో ఉన్నదొకటి. రెండూ సరిపోతేనే తాళం పడుతుంది. సరుకు మీద అప్పిచ్చినా అంతే. స్టాకు స్టేట్‌మెంటు చూసి ఊరుకోం, గోడౌనుకు వెళ్ళి బస్తాలు లెక్కపెడతాం. ముప్పై ఏళ్ళుగా ఈ పద్ధతికి అలవాటుపడ్డవాణ్ణి. పుస్తకం తప్ప పెట్టె ముఖం చూడని గుమాస్తా ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడని ఈమధ్యనే తెలిసింది. వాడు ప్రింటరు ఇంకు కార్ట్రిడ్జికి అంటించిన చిప్పు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్లో మా వీధి పిల్లలు కొందరు ఆదివారాలు మా ఇంటికి తెలుగు నేర్చుకోవడానికి వస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు. వాచకాలు దగ్గరలో దొరకవు కనుక గుణింతాల కాగితాలు నేనే అచ్చువేసి ఇస్తాను. ఒక శనివారం రాత్రి గుణింతం సగంలో ఉండగా ప్రింటరు మొండికేసింది. ఇంకు అయిపోయిందట! కార్ట్రిడ్జి తీసి చూస్తే బరువుగానే ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది వ్యవహారం. కంపెనీ పేరెందుకు లెండి.

మా అక్కయ్య కొడుకు ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. ఎస్పీ రోడ్డులో కొన్న ఆర్డుయినో బోర్డు వాడి దగ్గరుంది. అరచేతిలో ఇమిడే మైక్రోకంట్రోలరు అది. కొత్త కార్ట్రిడ్జి ఒకటి తెప్పించి, దాని చిప్పు మీది బంగారు రంగు రేకులకు సన్నని తీగలు ఆనించాడు. కరెంటుకు రెండు, క్లాకుకు ఒకటి, సమాచారానికి ఒకటి, రీసెట్టుకు ఒకటి. చిప్పులో ఉన్నదంతా చదివి రాసుకున్నాడు. పది పేజీలు అచ్చువేశాక మళ్ళీ చదివాడు. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి, మారిన అంకెలకు ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెట్టాం. వాడు దాన్ని రివర్స్ ఇంజినీరింగ్ అన్నాడు. నాకు మాత్రం అది రోజూ చేసే రికన్సిలియేషనే.

"మావయ్యా, ఇది ఇంకును కొలవడం లేదు. ఎన్ని చుక్కలు చల్లిందో ప్రింటరు లెక్కకట్టి, అంత ఇందులో తీసివేస్తోంది. అంతే" అన్నాడు.

తరువాత ఆ కొత్త అంకెల్ని 'ఖాళీ' చిప్పులో రాశాడు. ప్రింటరు మారుమాట లేకుండా పని మొదలుపెట్టింది. అయిపోయిందన్న ఇంకుతో నలభై ఒక్క కాగితాలు వచ్చాయి. అక్షరాలు పల్చబడగానే ఆపేశాం. మాది పాత ప్రింటరు గనుక సరిపోయింది. కొన్ని చిప్పుల్లో అంకె తగ్గుతుందే గాని పెరగదు. కొత్తవాటిలో కొన్ని, మనం చెక్కు మీద సంతకం సరిచూసినట్టు, రహస్య సంకేతం సరిచూసుకుంటాయి.

కంపెనీ వైపు న్యాయం లేకపోలేదు. వేడితో ఇంకును బుడగగా మార్చి చిమ్మే ప్రింటర్లలో తడి లేకపోతే తల మాడిపోతుంది. మరో రకంలో గాలి చొరబడుతుంది. అడుగున కొంత మిగల్చడం జాగ్రత్తే. అయితే మా బి.కాం. రోజుల్లో సీక్రెట్ రిజర్వు అని ఒక పాఠం ఉండేది. నిధి దాచుకోవడం తప్పు కాదు, బ్యాలెన్సు షీటులో చూపకపోవడమే తగువు. ఇక్కడా అంతే. పైగా ప్రింటరును చవగ్గా ఇచ్చి, లాభం ఇంకులో రాబట్టుకునే వ్యాపారంలో, ఆ గుమాస్తా ఎవరి జీతగాడో వేరే చెప్పాలా?

ఈ తగువు కోర్టులకూ ఎక్కింది. లేజరు ప్రింటర్ల టోనరు చిప్పును అనుకరించారని అమెరికాలో లెక్స్‌మార్క్ కంపెనీ 2002లో స్టాటిక్ కంట్రోల్ అనే సంస్థ మీద దావా వేసింది. తగువులో ఉన్న ఒక ప్రోగ్రాము 55 బైట్లు. కింది కోర్టు ఇచ్చిన నిషేధాన్ని 2004లో అప్పీలు కోర్టు కొట్టివేసింది. ఒకసారి అమ్మాక ఆ వస్తువు మీద పేటెంటు హక్కు తీరిపోతుందని 2017లో అక్కడి సుప్రీంకోర్టు, అదే లెక్స్‌మార్క్ వేసిన మరో కేసులో చెప్పింది. అన్నిటికన్నా తమాషా 2022 నాటిది. చిప్పుల కరువు వచ్చి, కానన్ కంపెనీ చిప్పులేని టోనరు కార్ట్రిడ్జిలు పంపింది. హెచ్చరిక వస్తే ఎలా దాటాలో ఖాతాదారులకు తానే చెప్పింది. గుమాస్తా సెలవు పెట్టినా అచ్చు ఆగలేదు!

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టానికి 1999లో చేసిన సవరణ, న్యాయంగా కొన్న ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో గమనించి, పరీక్షించి తెలుసుకోవడం ఉల్లంఘన కాదంటుంది. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో సంఘాన్ని వేసి, పోర్టలూ తెరిచింది. చూసే హక్కుంది, చూడగల పిల్లలున్నారు. కాని ప్రతి ఇంటా మేనల్లుడు ఉండడు గదా. అందుకని నేను కోరేది చిన్నదే. ఎంత ఇంకు పోశారో, ఎంత మిగలగానే ఆపుతారో, ఆ రెండు అంకెలూ డబ్బా మీద అచ్చువేయండి. తూచి చూసుకునే పని మేము చేసుకుంటాం.