వెనుక కూర్చున్నవారి తల

మా యింటి వీథితలుపు ప్రక్క గోడకొక మేకు కలదు. దానికి పదునొకండేండ్లపాటు ఒకే శిరస్త్రాణము వ్రేలాడుచుండెడిది. హెల్మెట్టని మనమందఱము పిలుచు ఆ వస్తువును నేను మోటారు సైకిలు కొన్ననాడే కొంటిని. బండిపై పోవువారము ఇద్దఱము. గోడపై నున్నది ఒకటి. ఈ లెక్కలో తప్పున్నదని మా యింటికి వచ్చిపోవు బంధువులలో గాని మిత్రులలో గాని ఒక్కరును అనలేదు. నాకును తోచలేదు. తోచిన దినమును, దాని కారణమును చెప్పవలెనన్న నాకిప్పటికిని సిగ్గుగానే యుండును.

2018వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఒకనాటి సాయంకాలము దుగ్గిరాల దాపున నొక పెండ్లి చూచుకొని తెనాలికి మరలి వచ్చుచుంటిమి. మా వైపున అవి మొక్కజొన్న కోతల దినములు. కళ్ళములు చాలని రైతులు గింజలను తారురోడ్డుపై సగము మేర ఆఱబోసి చుట్టును రాళ్ళు పేర్చుదురు. వారిని నిందించుటకు నాకు నోరు రాదు. ఆఱబెట్టుకొనుటకు వేఱు చోటు వారికెవరు చూపిరి? ఎదురుగా లారీ వచ్చెను. నేను ప్రక్కకు తిప్పి బ్రేకు నొక్కితిని. గింజలపై చక్రము నిలువలేదు. వేగమెంత యని తరువాత నన్నందఱును అడిగిరి. ముప్పది కిలోమీటర్లకు మించదు. మెల్లగా నడుపువాడనని నాకొక గర్వముండెడిది.

నేను బండితోపాటు ప్రక్కకు పడితిని. మోకాలు చీరుకొనిపోయెను. తల నేలకు తగిలినప్పుడు టప్పుమను శబ్దము మాత్రము వింటిని, నొప్పి లేదు. నా భార్య రెండు కాళ్ళును ఒకే వైపునకు వేసికొని కూర్చున్నది. ఆమెకు పట్టు దొరకలేదు. వెల్లకిల పడినది, తల వెనుక భాగము తారురోడ్డుకు కొట్టుకొనినది. నేను లేచి చూచునప్పటికి ఆమె చెవినుండి నెత్తురు కాఱుచుండెను. జడలోని మల్లెలు గింజలలో చెదరియుండెను. 108 బండి వచ్చువఱకు ఆమె తలను నా యొడిలో పెట్టుకొని కూర్చుంటిని. నా తలపై హెల్మెట్టు అట్లే యున్నది. దానిని తీయవలెనని గూడ నాకు తెలియలేదు. గుమిగూడినవారిలో నొక ముసలాయన, “నీది తియ్యవయ్యా, గాలాడదు” అనెను. ఆ మాటలో నిందయే లేదు. నాకు మాత్రము అది నేటికిని చెవిలో నుండిపోయినది.

నాలుగు దినములు ఆమెకు తెలివి లేదు. పందొమ్మిదవ దినమున ఇంటికి వచ్చితిమి. ఇప్పుడు నడచును, మాటాడును, ఇంటి లెక్కలు నాకంటె బాగుగనే చూచును. ఒక్కటి మాత్రము మరల రాలేదు. ఆమెకు వాసన తెలియదు. ముక్కులోనుండి మెదడునకు పోవు సన్నని నరముల పోగులు పుఱ్ఱె యడుగున నున్న చిన్న చిన్న రంధ్రములగుండ పోవునట. తలకు దెబ్బ తగిలి మెదడు ఒక్క పెట్టున కదలినప్పుడు అవి తెగుట కలదని వైద్యుడు చెప్పెను. కొందఱికి మొదటి యేడాదిలో మరల వచ్చునట. మేము ఏడాది చూచితిమి. పోపు మాడినను ఆమెకు తెలియదు. నేయి కాగినదో లేదో రంగునుబట్టి గుర్తించును. ఒకనాడు గ్యాసు పొయ్యి మీట సగము తిరిగియుండగా ఆమె ఆ ప్రక్కనే కూర్చుండి కూరలు తఱుగుచుండెను. వసారాలోనుండి నేను పరుగెత్తుకొని పోయితిని. ఇవి అపాయములు. పుట్టింటినుండి వచ్చిన పచ్చడి జాడీ మూత తీసి ఊరక చూచి మరల మూసిన దినమున నాకు కలిగినది వేఱు.

నేను సంస్కారముగలవాడనని మా చుట్టములలో పేరు. కట్నము ముట్టకుండ పెండ్లాడితిని. మా అమ్మాయిని హైదరాబాదు పంపి చదివించితిని. వంటింటిలో చేయి సాయము చేయుటకు నాకు నామోషీ లేదు. ఇన్ని చేసినవాడను రెండవ హెల్మెట్టు ఏల కొనలేదు? డబ్బు లేకనా? ఆ పదునొకండేండ్లలో బండి సీటు కవరు రెండు మాఱులు మార్పించితిని. అడిగినవారికి చెప్పుటకు నాయొద్ద సమాధానములు సిద్ధముగానే యుండెడివి. పూలు నలుగును. కొప్పుపై కుదరదు. ఊళ్ళోకే గదా. పెండ్లివారింట దానినెక్కడ పెట్టుకొనును? ఈ కడపటి మాట తలచుకొన్నప్పుడు నాకు నవ్వు వచ్చును, ఏడుపును వచ్చును. ఏలయన పెండ్లివారింట నా హెల్మెట్టును మోసినది ఆమెయే. నా తలపై లేనప్పుడెల్ల అది ఆమె యొడిలో నుండెడిది. ఆమె తలపై నెన్నడును లేదు.

మఱి నేనైనను తలకు వెఱచి పెట్టుకొంటినా? చలానాకు వెఱచి పెట్టుకొంటిని. ఊరి పొలిమేరలో పోలీసులను చూచి, హ్యాండిలుకు తగిలించినదానిని తలకెక్కించువారిని మీరును చూచియుందురు. వెనుక కూర్చున్న ఆడుదానిని ఎవరును ఆపి అడుగలేదు గనుక ఆమెకు చట్టము లేదనుకొంటిని. ఉన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను నడుపువానినే గాక ఎక్కి పోవువానిని గూడ చెప్పినది. 2019లో సవరించినప్పుడు నాలుగేండ్లు పైబడినవారెవరైనను అని విప్పి చెప్పిరి. తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు ఉంచిరి. కాని సడలింపుల నిచ్చు అధికారము రాష్ట్రములకు మొదటినుండియు నుండుటచే, రాజధానియైన ఢిల్లీలోనే 2014 వఱకు స్త్రీలకు ఈ నిర్బంధము లేదు. దానిని స్త్రీలయెడ చూపిన మర్యాద యనుకొన్నవారు కలరు. తారురోడ్డు ఆ మర్యాదను పాటింపదు.

ఇంకొక చిత్రము. 1989 నాటి కేంద్ర నియమములలో 123వది, వెనుక కూర్చున్నవారి బట్ట చక్రములో చిక్కుకొనకుండ చక్రమునకు సగము మేరకు తగ్గకుండ కప్పు ఉండవలెనని చెప్పును. చేతిపట్టు, కాలిపీట గూడ ఆ నియమములోనివే. మంచి నియమమే, కొంగు చక్రములో పడి జరిగిన ఘోరములు ఎఱుగని ఊరు లేదు. మా బండికి ఆ జాలీ మొదటి దినమునుండియు నుండెను. చీరకు రక్షణ కలదు, తలకు లేదు. నేను నిత్యము తుడిచి శుభ్రము చేసినది ఆ జాలీనే.

ఈ విషయమున మనము మాత్రమే మందబుద్ధులము కాము. అరేబియా లారెన్సని ప్రసిద్ధి కెక్కిన ఆంగ్లేయుడు 1935 మే 13వ తేదీని మోటారు సైకిలుపై పోవుచు, సైకిళ్ళపై పోవు ఇద్దఱు బాలురను తప్పింపబోయి పడెను. తలపై నేమియు లేదు. ఆఱవనాడు మరణించెను. అతనిని చూచిన వైద్యులలో నొకడు హ్యూ కెయిర్న్సు. ఆయన ఆ మరణమును మఱవక, యుద్ధకాలమున వార్తలు మోయు సైనికుల తలగాయములను పరిశీలించి 1941లో వ్యాసము ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు దండులో మోటారు సైకిలు నడుపువారికి శిరస్త్రాణము విధిగా జేసిరి. ఆ దేశపు సామాన్య జనమునకు అది విధి యగుట 1973లో! దండునుండి వీథిలోనికి వచ్చుటకు ముప్పది రెండేండ్లు పట్టినది. మా యింట ముందు సీటునుండి వెనుక సీటునకు పోవుటకు పదునొకండు.

మెల్లగా పోవుటయే రక్షణ యనుకొను నావంటివారికి ఒక లెక్క చెప్పెదను. నిలిచియున్న బండిపైనుండియే నాలుగున్నర అడుగుల ఎత్తునుండి తల నేలపై పడినచో, తాకునప్పటి వేగము గంటకు పదునెనిమిది కిలోమీటర్లకు పైబడును. బండి పరుగుతో దీనికి పనిలేదు. హెల్మెట్టు లోపలి థర్మోకోలు పొర ఆ దెబ్బకు తాను నలిగి పుఱ్ఱెను కాపాడును. ఒకమాఱు నలిగినది మరల పనికిరాదు. నాది అందుకే పాఱవేసితిని.

కేంద్ర రవాణా శాఖవారి నివేదికనుబట్టి 2022లో హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. అందు నడుపువారు 35,692. వెనుక కూర్చున్నవారు 14,337. ఈ రెండవ అంకెయొద్ద నేను చాలసేపు ఆగితిని. వారిలో నొక్కరి చేతిలోను హ్యాండిలు లేదు. బ్రేకు ఒక్కరి కాలిక్రిందను లేదు. ఎంత వేగమున పోవలెనో, లారీని ఎటు తప్పింపవలెనో నిర్ణయించినవారు వేఱొకరు.

ఇప్పుడు గోడకు రెండు మేకులు. రెండవ హెల్మెట్టును ఐ.ఎస్.ఐ. ముద్ర చూచి ఆమెయే ఎన్నుకొనినది. మొదట చాలకాలము బండి ఎక్కనే లేదు, నేనును పిలువలేదు. తరువాత నొకనాడు తానే పంజాబీ దుస్తులు ధరించి, చెఱియొక వైపున కాలు వేసి కూర్చున్నది. ఎదురింటి పెద్దమ్మగారు చూచి, “ఇదేమిటే, మగరాయుడిలా!” అనిరి. “అవునండీ పెద్దమ్మగారూ, మగవాళ్ళు పడకుండా కూర్చుంటారు గదా” అని ఈమె జవాబు.

మొన్న బజారులో ఆమె రెండు మూరల మల్లెలు కొని, హెల్మెట్టుతో నలుగునని జడలో తుఱుముకొనక నా చేతి కిచ్చినది. “ఏమండీ, మంచివేనా? వాసన ఎట్లా ఉందో చూసి చెప్పండి” అనినది. చూచి చెప్పితిని.