బురదలో నడిచిన రోజు

"ఈ ముసురులో షికారేమిటి, మతిగాని పోయిందా?" అన్నారు మావారు. మీరైనా అదే అనేవారు. కానీ రమ్మని పిలిచింది మా పక్కింటి అక్క. నాచారంలో పదిహేనేళ్ళుగా ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు మావి. కప్పు చక్కెర తప్ప ఆవిడ నన్ను ఏనాడూ ఏదీ అడగలేదు. ఎలా కాదంటాను?

2023 డిసెంబరు సంగతి ఇది. 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన దగ్గర కూడా ముసురు పట్టి, చలి వణికించేసింది. కాస్త తెరిపి ఇవ్వగానే బస్సెక్కి ఉప్పల్ రింగురోడ్డులో దిగి, ఆటోలో ఉప్పల్ భగాయత్‌కి వెళ్ళాం. ఒకప్పుడు మూసీ ఒడ్డున వరి, పశువుల గడ్డి పండిన నేల అది. తర్వాత ప్రభుత్వం ఆ భూములు తీసుకుని, రైతులకు బదులుగా ప్లాట్లిచ్చింది. మెట్రో డిపో వచ్చింది. 2019లో అక్కడి ప్లాట్లు వేలం కూడా వేశారు.

తారు రోడ్డు దాటి మట్టిబాట పట్టామో లేదో, నా చెప్పు బురదలో దిగబడిపోయింది. లాగితే పట్టీ ఊడి చేతికొచ్చింది! అక్క పకపకా నవ్వింది. బావగారు పోయాక ఆవిడ అలా నవ్వగా వినడం అదే మొదలు. ఇద్దరం చెప్పులు చేతబట్టుకుని, కుచ్చిళ్ళు ఎత్తి దోపి, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నడిచాం. మూసీ వాసన మాట చెప్పక్కర్లేదు!

ఒకచోట ఆగింది. "ఈడనే మా గడ్డి మడి ఉండె. మీ బావ జీతం పైసలు కూడబెట్టి కొన్నడు. నేనే కోసి మోపులు కట్టేదాన్ని. దానికి బదులిచ్చిన ప్లాటును పిల్లలు అమ్ముతరంట. నా హక్కు ఇడిసిపెట్టినట్టు సంతకం పెట్టుమంటున్నరు. ఒక్కసారి సూసి పెడదామని వచ్చిన" అంది.

'పెట్టెయ్యక్కా, పిల్లలతో గొడవెందుకు' అనబోయాను. నిజం చెప్తున్నా, మాట నాలుక చివరిదాకా వచ్చింది. బురదలో పాతుకున్న ఆవిడ పాదాలు చూసి ఆగిపోయాను. పత్రికల్లో న్యాయసలహాలు చదివే అలవాటు ఆ రోజు పనికొచ్చింది. "అక్కా, బావగారు వీలునామా రాశారా?" అనడిగాను. లేదంది. "ఆయన స్వార్జితం కదా. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు కొడుకులతో, కూతురితో సమానంగా నీకూ ఒక వాటా. నాలుగులో ఒకటి నీదే. వకీలుకి చూపించకుండా సంతకం పెట్టకు" అన్నాను.

అక్క ఏమీ అనలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "రేపు వకీలు కాడికి నువ్వు గూడ వస్తవా?" అంది.

వెళ్ళాం. ప్లాటు అమ్మారు, కానీ నాలుగు వాటాలు వేశారు. అక్క డబ్బు అక్క పేరనే బ్యాంకులో ఉంది. పెద్దకొడుకు ఆర్నెల్లు మాట్లాడలేదు. ఆ ఆర్నెల్లూ గోడ అవతల ఏడుపు నాకు వినబడుతూనే ఉంది. తప్పు చేశానా అని నేనూ కుమిలిపోయాను. దసరాకి వాడు మనవణ్ణి తీసుకుని వచ్చాడు. ఆ పిల్లాడికి బట్టలు అక్క తన డబ్బుతో కొంది.

మీ పక్కింట్లోనూ ఏమీ అడగని అక్క ఒకరుంటారు. ఎప్పుడైనా తోడు రమ్మంటే, బురద అని వెనకాడకండి. చెప్పులు పోతే పోనీండి!