చోళ్ళ కాల్షియం, మా అన్నయ్య జ్వరం

పోస్ట్ పెద్దదే, తీరిక చూసుకుని చదవండి. సైన్స్ గ్రూపు తీసుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నా.

ఎమ్మెస్సీ బోటనీ రెండో సెమిస్టర్‌లో నాకు వచ్చిన సెమినార్ టాపిక్ కాల్షియం డిపెండెంట్ ప్రొటీన్ కైనేజ్‌లు. పొట్టిగా సీడీపీకే. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివినోణ్ణి, ఆ పేరు తడబడకుండా పలకడానికే రెండు రోజులు పట్టింది. విషయం అర్థమయ్యాక మాత్రం భలే నచ్చేసింది.

వాన ఎగ్గొట్టిందనుకోండి. మట్టి ఎండిపోతోందని తెలియగానే మొక్కలో ఏబీఏ అనే హార్మోను పెరుగుతుంది. దాంతో ఆకు మీద పత్రరంధ్రాలకి కాపలా ఉండే రక్షక కణాల్లో కాల్షియం ఒక్కసారి పైకి లేస్తుంది. దాన్ని పట్టేది సీడీపీకే. దాని తోక దగ్గర కాల్షియంని పట్టుకునే చోట్లు మామూలుగా నాలుగు ఉంటాయి. మధ్యలో ఒక ముక్క బిరడాలాగ పనిచేసే చోటుని మూసేసి ఉంటుంది. కాల్షియం తగలగానే ప్రొటీన్ ఆకారం మారి బిరడా ఊడుతుంది. అప్పుడది ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి కణం పొరలోని ఒక ద్వారానికి తగిలిస్తుంది. ద్వారం తెరుచుకుని అయాన్లు బయటికి పోతాయి, వాటి వెనకే నీళ్ళూ పోతాయి. కణాలు మెత్తబడి రంధ్రం మూసుకుంటుంది. ఆకులో మిగిలిన తేమ దక్కుతుంది.

మన ఒంట్లో అయితే కాల్షియంని పట్టేది కాల్మోడ్యులిన్ అనే వేరే ప్రొటీన్. అది వెళ్ళి కైనేజ్‌ని లేపాలి. మొక్కలో ఈ రెండు పనులూ ఒకే ప్రొటీన్ చేసేస్తుంది. సంతలో దళారీ లేకుండా సరుకు అమ్ముకున్నట్టు! 1987లో అమెరికాలో ఆలిస్ హార్మన్, ఆమె తోటివాళ్ళు సోయా చిక్కుడు నుంచి దీన్ని శుద్ధి చేసి, కాల్మోడ్యులిన్ అక్కర్లేకుండానే పనిచేస్తుందని చూపించారు. ల్యాబుల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఇలాంటివి 34 ఉన్నాయి. పుప్పొడి నాళం పెరగడం, తెగుళ్ళని ఎదుర్కోవడం, ఇలా ఒక్కోటి ఒక్కో పనిలో ఉంటుంది.

ఇక నా తప్పు. చివరి స్లైడ్‌లో మా అమ్మ చోడి చేను ఫొటో పెట్టా. రాగుల్ని మావైపు చోళ్ళంటాం. 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో 10 దగ్గర. "అంత కాల్షియం ఉంది కాబట్టి చోళ్ళలో సీడీపీకేలు గట్టిగా పనిచేస్తాయి, అందుకే కరువుని తట్టుకుంటాయి" అనేశా. వెనక బెంచీ నుంచి ఎవడో "అంబలి తాగితే మనకీ సీడీపీకే వస్తుందిరా" అన్నాడు. క్లాసంతా నవ్వారు. సారు కూడా నవ్వి, "సెంటిమెంట్ వేరు, సైన్స్ వేరు" అన్నారు. తప్పెక్కడుందో చెప్పలేదు. రెండు వారాలు క్లాసుకి పోలేదు నేను. చదువు ఆపేసి డీఎస్సీ కోచింగ్‌లో చేరిపోదామనుకున్నా.

తప్పు నాదే, అది తర్వాత చదివితే తెలిసింది. గింజలోది దాచుకున్న కాల్షియం. కబురు మోసేది వేరు. కణం లోపలి ద్రవంలో విడిగా తిరిగే కాల్షియం చాలా తక్కువ, బయటితో పోలిస్తే పదివేల వంతుల్లో ఒక వంతు. అంత తక్కువ ఉంచుతుంది కాబట్టే కాస్త లేచినా తెలుస్తుంది. ఊళ్ళో డప్పు రోజంతా మోగుతూ ఉంటే ఎవరూ లేచి రారు కదా. పైగా కాల్షియం ఎప్పుడూ ఎక్కువే ఉంటే ఫాస్ఫేట్‌తో కలిసి గడ్డకట్టి కణమే చస్తుంది. ఈ నాలుగు ముక్కలు ఆరోజే ఎవరైనా చెప్పుంటే బావుండేది.

అలా చదువుతుంటేనే ఒక రాత్రి ఇంకోటి కనబడింది. సీడీపీకేలు జంతువుల్లో లేవు, శిలీంధ్రాల్లో లేవు. మొక్కల్లో, కొన్ని ఏకకణ జీవుల్లో ఉన్నాయి. ఆ జాబితాలో ఒక పేరు: ప్లాస్మోడియం ఫాల్సిపారం.

నేను ఐదో తరగతిలో ఉండగా మా అన్నయ్య పోయింది ఆ మలేరియాతోనే. నాట్ల టైము. మూడు రోజులు చలి జ్వరం, నాలుగో రోజు మాట తడబడింది. డోలీ కట్టి తీసుకెళ్తుంటే గెడ్డ దాటకముందే అయిపోయింది. అప్పుడు వాడికి పదహారేళ్ళు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లో పెరిగి, వాటిని పగలగొట్టుకుని బయటికొస్తుంది. జ్వరం తన్నుకొచ్చేది అప్పుడే. సీడీపీకే5 లేకపోతే అది కణాన్ని పగలగొట్టలేదని 2010లో తేలింది. సీడీపీకే4 పని దోమ కడుపులో. దోమ రక్తం తాగగానే వేడి తగ్గి, దోమలోని ఒక రసాయనం తగిలి, మగ కణంలో కాల్షియం లేస్తుంది. పావుగంటలోపే ఒకటి ఎనిమిదవుతుంది. 2004లో ఎలుకల మలేరియాలో ఆ జన్యువు తీసేసి చూశారు. మగ బీజకణాలు తయారు కాలేదు, దోమకి మలేరియా అంటలేదు. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడ మీద చూసిన ఆ ఉండలు, సీడీపీకే4 లేకపోతే పుట్టవన్నమాట.

మన ఒంట్లో ఈ ప్రొటీన్ లేదు కాబట్టి దీన్ని ఆపే మందు మనకి హాని చేయకూడదు. చెప్పినంత తేలిక కాదు. దీని కైనేజ్ భాగాన్ని పోలినవి మన దగ్గరా ఉన్నాయి, వాటిని ముట్టుకోకుండా దీన్నొక్కదాన్నే పట్టాలి. ల్యాబుల్లో పని నడుస్తోంది, మందుల షాపు దాకా ఏదీ రాలేదు.

మా దగ్గర పరాన్నజీవిని పెంచే ల్యాబు లేదు. అందుకే ప్రాజెక్టుగా వరి సీడీపీకేలనీ ఫాల్సిపారం సీడీపీకేలనీ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి, బిరడా ముక్క ఎక్కడెక్కడ తేడాగా ఉందో చూస్తున్నా. గైడ్‌ని అడిగితే ఒప్పుకున్నారు. ఆరోజు నవ్విన సారే ఆయన. ఎందుకీ టాపిక్ అని అడిగితే అన్నయ్య సంగతి చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు, సంతకం పెట్టారు.

మొన్న అమ్మకి ఫోన్‌లో చెప్పా.

"అయితే మందు ఎప్పుడొస్తుందిరా?"

"ఇంకా లేదమ్మా. చాలా ఏళ్ళు పడుతుంది."

"సరేలే. హాస్టల్లో దోమతెర కట్టుకునే పడుకుంటున్నావా?"

కట్టుకోవట్లేదు. ఆ రాత్రి నుంచి కడుతున్నా.

సీడీపీకే మీద తెలుగులో రాసుకున్న నోట్సు 22 పేజీలుంది. బొమ్మలు నేను గీసినవే, అంత బాగోవు. కావాల్సినవాళ్ళు అడగండి, పంపిస్తా. తప్పులుంటే నవ్వకుండా చెప్పండి.